పక్కపొయ్యి

పంక్చర్ షాపులో పాతికేళ్ళు గాలి మోసిన ట్యాంకు
ఇప్పుడు పొట్టకు తలుపు పెట్టించుకుని మా పెరట్లో ఉంది.
ఆటోనగర్లో జానీబాషా కోశాడు, అతికాడు,
పొట్ట పక్కన, ఒక మెట్టు కిందగా
చిన్న ఇనపపెట్టె తగిలించాడు.
మంట అక్కడ, మాంసం ఇక్కడ.
"పక్కింట్లో గొడవైతే మనింట్లో వేడి, అంతే సార్" అన్నాడు
చిమ్నీకి ఆఖరి టాకా వేస్తూ.

నేను నవ్వలేదు.
ముప్ఫై ఏళ్ళు రైస్ మిల్లులో ఊక బాయిలర్‌కి మేత వేసినవాణ్ణి.
కొత్త ఇనుముతో మొదటిరోజే చనువు పనికిరాదు.

కట్టె కథ ఇంకా ముందుది.
బుడమేరు సింగ్‌నగర్‌లోకి వచ్చిన ఏడు
నాంచారమ్మ గారి జామచెట్టు
తొమ్మిది రోజులు నడుంలోతు నీళ్ళలో నిలబడింది.
మేం మేడెక్కాం. దానికి మేడ లేదు.
నీళ్ళు తీసిన నెలకి ఆకు రాల్చింది,
ఉగాదికి చిగురు పెట్టలేదు.
"కొట్టించెయ్యి" అంది ఆవిడ, అటు తిరిగి.

మూరెడు ముక్కలు కోశాను.
గొడ్డలితో చీలిస్తే లోపల ఎర్రన,
వేలు పెడితే చల్లన.
మొదలు ముక్క బెరడు మీద బురద గీత,
మా గోడ మీది గీత ఎత్తుకే.
ఇటుకల మీద అడ్డం నిలువు పేర్చాను,
పైన రేకు, పక్కలు గాలికి వదిలి.
ఒక రోహిణీకార్తె, రెండు తుఫానులు, ఇంకో రోహిణీకార్తె.
ఎండిన కట్టె కంటికి తెలీదు.
చేతికి తేలికవ్వాలి,
కొసల్లో సైకిల్ చువ్వల్లా పగుళ్ళు పరవాలి,
రెండింటిని కొడితే దబ్బుమనకూడదు,
ఠంగుమనాలి.

ఠంగుమన్నాయి.

ఈ ఆదివారం మొదటి మంట.
మాంసం లేదని ముందే చెప్పాను, ఎవరూ నమ్మలేదు.
మా మేనల్లుడు వినీల్ కారం పట్టించిన కోడితో దిగాడు,
స్టీలు డబ్బాలో.
"కొత్త పెనం మీద మొదటి అట్టు ఎవరు తింటారురా?"
డబ్బా ఫ్రిజ్‌లోకి పోయింది, వాడి మొహం కూడా.

ట్యాంకు లోపల సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగి
ఆరాక వేరుశనగ నూనె, గుడ్డతో, పల్చగా.
ఎక్కువైతే జిగురు, తక్కువైతే తుప్పు.
పక్కపొయ్యిలో కొబ్బరిపీచు, మీద రెండు సన్నని చీలికలు.
మొదట తెల్లపొగ. చిక్కన.
లంచం అందని గుమాస్తాలా కదలదు.
వినీల్ చిమ్నీ మూత వెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాను.
మిల్లులో నేనెప్పుడూ ఓనరు మొహం చూడలేదు,
గొట్టం చూసేవాణ్ణి.
నల్లగా ఉంటే ఊక ఎక్కువ, తెల్లగా ఉంటే తడి,
ఏమీ లేనట్టుంటే ఆ రోజు అన్నం సహిస్తుంది.

ఇరవై నిమిషాలకి పొగ నీలమైంది,
ఆరేసిన పంచెలో మిగిలిన నీలిమందంత.

బయట పెయింటు బుడగలు లేచి రాలింది.
ఫోన్ చేస్తే జానీబాషా,
"రాలనీ సార్, ముందే చెప్తే కొనేవాళ్ళా?"
మూడు గంటలు. ఒక్కో చీలిక, ఒక్కో చీలిక.
లోపల నూనె బెల్లం రంగు తిరిగి
తర్వాత కాటుకలా పట్టేసింది.

పిట్టగోడ మీంచి నాంచారమ్మ గారు
మూడు వంకాయలు అందించింది.
"ఖాళీ పొయ్యి మండించకూడదు."
పెట్టాను. మాంసం కాదు కదా.
తలుపు మూస్తుంటే ముక్కు పైకెత్తింది.
"ఇది మా జామే."
కాయ వాసనా అని అడిగాను.
"కాదు. ఆకు నలిపితే వచ్చేది.
పన్ను సలిపితే నమిలేదాన్ని."
ఇంకేమీ అనలేదు.
పొగ నీటిగీత మీంచి గోడ దాటి
వాళ్ళ వంటింట్లోకి వెళ్ళింది.
ఆవిడ కిటికీ వేసుకోలేదు.

వంకాయలు ఒకవైపే మాడాయి,
పక్కపొయ్యి వైపు.
వచ్చేసారి మధ్యలో తిప్పాలి.